కండరక్షీణత – తల్లి దోషమా?

బిడ్డ తొలి అడుగు వేసిననాడు అరిసెలు వండి ఇరుగుపొరుగు వారికి పంచిపెట్టుట మన యిండ్ల వేడుక. ఆ వేడుక జరిగిన రెండు మూడేండ్లకే బిడ్డ నడకలో తడబాటు కనబడి, మాటిమాటికి పడుచు, మెట్లెక్కలేక, నేలమీదినుండి లేచుటకు చేతులూనుచు, పది పండ్రెండేండ్ల ప్రాయమునకు చక్రముల కుర్చీకి పరిమితుడగు వ్యాధి యొకటి కలదు. దానిని వైద్యులు మస్కులర్ డిస్ట్రఫీ యందురు. తెలుగున కండరక్షీణత యని వాడుక. ఇందు పెక్కు తెగలు కలవు. బాలురకు వచ్చువానిలో మిక్కిలి తఱచైనదియు, మిక్కిలి తీవ్రమైనదియు డుషెన్ అను ఫ్రెంచి వైద్యుని పేర పిలువబడుచున్నది.

ఈ వ్యాధినిగూర్చి మేము వ్రాయబూనుటకు కారణమొకటి కలదు. రోగము బిడ్డకు వచ్చును. నింద తల్లికి వచ్చును. "మా వంశమున ఇట్టిది లేదు, ఇది నీ పుట్టింటినుండి తెచ్చినది" అని అత్తవారనుటయు, ఆ మాటకు బదులు చెప్పలేక కోడలు కన్నీరు మ్రింగుటయు తెలియని యూరు లేదు. కొందఱు పూర్వజన్మ పాపమందురు, కొందఱు గ్రహణదోషమందురు. మఱికొందఱు మఱియొక మనువు మాట యెత్తుదురు. శాస్త్రము ఈ విషయమున ఏమి చెప్పుచున్నదో తెలిసికొన్న ఇల్లాండ్రకు ఆ నింద నిలువదు. అంతేకాక, తెలిసికొన్నందున తరువాతి బిడ్డల విషయమున ముందుజాగ్రత్త పడుటకును వీలు కలుగును.

ఎందఱకు వచ్చును?

పుట్టిన మగబిడ్డలలో 3,500 మందికో 5,000 మందికో ఒకనికి డుషెన్ వ్యాధి వచ్చునని పలుదేశముల లెక్కలు చెప్పుచున్నవి. ఈ వ్యాధికి కులభేదము లేదు, దేశభేదము లేదు, ధనికుడు బీద యను భేదము లేదు.

ఈ లెక్కను మన ప్రాంతమునకు అన్వయించి చూతము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు పూర్వము వరంగల్లు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11వ తేదీన వేఱు జిల్లాలైనవి. 2011 జనాభా లెక్కలనుబట్టి ఈ మూడింటిలో కలిసి 17 లక్షలకు పైగా జనులు కలరు. ఏటికి వేయిమందికి 16 కాన్పుల చొప్పున చూచిన సుమారు 28,000 మంది బిడ్డలు పుట్టుదురు. అందు సగము, అనగా 14,000 మంది మగపిల్లలు. ఐదువేలకు ఒకడన్నను, మూడువేల అయిదువందలకు ఒకడన్నను, ఈ మూడు జిల్లాలలో ఏటేట ముగ్గురు నలుగురు బాలురు ఈ వ్యాధితో పుట్టుదురని తేలుచున్నది. పదేండ్ల లోపువారే ముప్పది నలుబదిమంది యుందురన్నమాట. ఒక్కొక్క యూరిలో చూచిన ఇది అరుదైన జబ్బు. మూడు జిల్లాలు కలిపి చూచిన ఒక తరగతిగది నిండునంతమంది పిల్లలు.

అయినను వీరు ఒకరికొకరు తెలియరు. ఒకడు జనగామ దగ్గఱి పల్లెలో, ఒకడు మానుకోట దగ్గఱి తండాలో, ఒకడు భూపాలపల్లి గనికార్మికుల వాడలో ఉండవచ్చును. జనగామకు, మహబూబాబాదుకు రైలున్నది. భూపాలపల్లివారు బస్సులో వరంగల్లు చేరి అచ్చటినుండి పోవలెను. హైదరాబాదులోని పెద్ద వైద్యుని చేరునప్పటికి ఏండ్లు గడచిపోవుచున్నవి. గుర్తులు ముందుగా తల్లి కనిపెట్టినచో ఆ కాలము మిగులును.

గుర్తులు

బిడ్డ పదునెనిమిది నెలలు నిండినను నడవకుండుట, మాటలు ఆలస్యముగా వచ్చుట, పరుగెత్తలేకుండుట, మునిగాళ్లమీద నడచుట, బాతువలె అటునిటు ఊగుచు నడచుట, పిక్కలు లావెక్కి గట్టిగా నుండుట — ఇవి మూడేండ్లనుండి అయిదేండ్లలోపు కనబడు గుర్తులు. పిక్కలు బలిసినవని చూచి "బిడ్డ పుష్టిగా నున్నాడు" అని ముసలమ్మలు మురియుట కలదు. ఆ లావు బలము కాదు. కండ చచ్చిన చోట క్రొవ్వును, పీచును పేరుకొనుట చేత వచ్చిన లావు అది.

అన్నిటికంటె స్పష్టమైన గుర్తు నేలమీదినుండి లేచు తీరు. బిడ్డ ముందుగా బోర్లకు తిరిగి, చేతులు కాళ్లు నేలకానించి, పిమ్మట చేతులతో మోకాళ్లను, తొడలను పట్టుకొని తనమీదికి తానే ఎగబ్రాకుచున్నట్లు లేచును. దీనిని 1879లో గవర్స్ అను ఆంగ్ల వైద్యుడు వర్ణించెను. నేటికిని వైద్యులు ముందుగా చూచునది ఇదియే. పీటమీద కూర్చుండి భోజనముచేసి లేచు బిడ్డను చూచిన చాలును, దీనికి యంత్రమక్కఱలేదు.

బడిపంతుళ్లు కూడ దీనిని కనిపెట్టవలెను. పంతులు తరగతికి రాగానే అందఱును లేచి నిలుచుండగా ఒకడు బల్లపట్టుకొని ఆలస్యముగా లేచును. వానిని సోమరి యందురు. ఆటలలో వెనుకబడును, వానిని పిఱికి యందురు. మా యిల్లు పంతులిల్లగుటచే ఇట్టి మాటలు మాకు వినబడుచునే యుండును. సోమరితనమును, బలహీనతను వేఱుచేసి చూచుట నేర్చుకొన్న ఉపాధ్యాయుడు తల్లిదండ్రులకు మహోపకారము చేసినవాడగును.

లోపము ఎచ్చట నున్నది?

మెరియన్ అను ఆంగ్ల వైద్యుడు 1851లోనే ఇట్టి బాలురను చూచి, జబ్బు నరములది కాదు, కండరములదని చెప్పెను. డుషెన్ 1868లో దీనిని సవిస్తరముగా వర్ణించెను. కాని మూలకారణము తెలియుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. అమెరికాలో బోస్టను నగరమున కుంకెల్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును 1986లో ఈ వ్యాధికి కారణమైన జన్యువును, 1987లో ఆ జన్యువు తయారుచేయు మాంసకృత్తును కనుగొనిరి. దానికి డిస్ట్రోఫిన్ అని పేరిడిరి.

పెండ్లిపందిరిని గుంజలకు బిగించి కట్టు త్రాళ్లవంటిది ఈ డిస్ట్రోఫిన్. కండ ముడుచుకొని సాగునపుడెల్ల కండకణపు పొర చిరుగకుండ ఇది లోపలనుండి పట్టియుంచును. త్రాళ్లు లేని పందిరి ప్రతి గాలికిని చినుగునట్లు, డిస్ట్రోఫిన్ లేని కండ ప్రతి కదలికకును కొంచెము కొంచెము చినుగును. చిన్నతనమున శరీరము ఆ చినుగులను కుట్టుకొనుచునే యుండును. కొన్నేండ్లకు కుట్టు శక్తి తగ్గి, చినుగు మిగులును. మొదట తొడలు, తుంటి, పిదప భుజములు, తుదకు ఊపిరి తీయు కండలు, గుండె కండ. క్రమము ఇది.

డిస్ట్రోఫిన్ జన్యువు మనుష్యుని జన్యువులలో మిక్కిలి పొడవైన వానిలో నొకటి. ఇరువది లక్షలకు పైబడిన అక్షరముల గ్రంథమనుకొనుడు. అర్థవంతమైన భాగములు అందు 79. వానిని ఎక్సాను లందురు. ఇంత పెద్ద గ్రంథమగుటచేతనే తప్పులు దొరలుటకు అవకాశ మెక్కువ. రోగులలో నూటికి అఱువది డెబ్బదిమందికి ఈ భాగములలో ఒకటియో, కొన్నియో లోపించియుండును.

ఇందొక విశేషము కలదు. ఛందస్సు చదివిన సోదరీమణులకు ఇది సుబోధము. వృత్తపద్యమున మూడేసి అక్షరములు ఒక గణము. పాదము నడుమ ఒక్క అక్షరము జారిపోయినచో, అటనుండి తుదివఱకు గణములన్నియు తప్పిపోవును. అట్లుగాక ఒక గణము గణముగా జారిపోయినచో, పాదము పొట్టిదగును గాని తక్కిన గణములు నిలిచియుండును. జన్యువును శరీరము చదువుటయు మూడేసి అక్షరముల చొప్పుననే. లోపించిన అక్షరముల సంఖ్య మూడుచే భాగింపబడనిచో చదువు చెడి, డిస్ట్రోఫిన్ ఏమాత్రము తయారుకాదు; అది డుషెన్ వ్యాధి. భాగింపబడినచో డిస్ట్రోఫిన్ పొట్టిదై కొంత పనిచేయును. అది బెకర్ అను జర్మను వైద్యుడు 1955లో వర్ణించిన సౌమ్యమైన తెగ. బెకర్ వ్యాధిగలవారు పెరిగి పెద్దవారై, పెక్కేండ్లు నడువగలరు. కొన్ని అపవాదములున్నను సామాన్యముగా నియమమిది.

తల్లినుండి కొడుకునకు

మన ప్రతి కణమునందును 23 జతల క్రోమోజోములు కలవు. అందు ఒక జత ఆడ మగ భేదమునకు సంబంధించినది. స్త్రీకి రెండు ఎక్సులు. పురుషునకు ఒక ఎక్సు, ఒక వై. డిస్ట్రోఫిన్ జన్యువు ఎక్సుమీద నున్నది. స్త్రీకి ఒక ఎక్సుమీది ప్రతి చెడినను రెండవది ఆదుకొనును. రెండు దీపములలో ఒకటి కొండెక్కినను ఇంట వెలుగుండును గదా. మగబిడ్డకున్నది ఒక్కటే దీపము. ఆ ఎక్సు వానికి తల్లినుండియే వచ్చును. తండ్రి ఇచ్చునది వై. అందుచేత మగబిడ్డలే ఈ రోగమునకు లోనగుదురు.

తల్లి యొక ఎక్సుమీద లోపముకలది యైనచో, ప్రతి కొడుకునకును సగము భయము, సగము క్షేమము. ప్రతి కూతురును తల్లివలె ఆ లోపమును మోయుటకు సగము అవకాశము కలదు. గవ్వ వెల్లకిల పడునో బోర్ల పడునో ప్రతి విసరునకు వేఱు వేఱే. మొదటివానికి వచ్చినది గనుక రెండవవానికి రాదనుట పొరపాటు. మొదటివాడు క్షేమముగ నున్నాడు గనుక రెండవవాడును క్షేమమే యనుటయు పొరపాటే.

ఇక నింద మాట. ఈ రోగులలో సుమారు మూడింట ఒక వంతుమంది తల్లులకు ఆ లోపమే లేదు. బిడ్డకు కారణమైన అండమునందు అది క్రొత్తగా పుట్టినది. వ్రాయసకాని చేతిలో తప్పు దొరలినట్లే యిది. ఆ తల్లి తిన్నది కాదు, త్రొక్కినది కాదు, గ్రహణమునాడు చూచినది కాదు. తక్కిన తల్లులకు లోపము తమ తల్లినుండియో, అమ్మమ్మనుండియో, ఒక్కొక్కయెడ పుట్టుకతో తమయందే క్రొత్తగానో వచ్చియుండును. తాము కోరి తెచ్చుకొన్నది కాదు, తమకే తెలియదు. కంటిరంగునకు ఎవ్వరు నేరస్థులు? ఇదియు అంతే. కోడలిని నిందించు అత్తగారు తమ కూతును తలచుకొనవలెను. ఏ యింటి ఆడపడుచుకైనను ఇది సంభవింపవచ్చును.

మఱియొక జాగ్రత్త. తల్లి రక్తపరీక్షలో లోపము కనబడకున్నను, ఆమె అండములలో కొన్నిటియందు అది యుండుట అరుదుగా కలదు. కావున మఱల గర్భము ధరించునప్పుడు వైద్యుని అడుగక మానరాదు. లోపము మోయు స్త్రీలలో కొందఱికి కండరములు గాని, గుండె గాని బలహీనపడవచ్చును. అట్టివారు అప్పుడప్పుడు గుండెపరీక్ష చేయించుకొనుట మేలు.

మేనరికముల మాట

మేనరికమువలన ఈ జబ్బు వచ్చినదని పలువురందురు. డుషెన్ విషయమున అది సరికాదు. లోపమున్న పడుచును మేనమామకిచ్చినను, పరాయివానికిచ్చినను, కొడుకులకు భయము సమానమే. తండ్రి ఎక్సు కొడుకునకు పోదు గదా. వరుని మార్చినంతమాత్రమున ఈ వ్యాధి మాఱదు.

కాని నడుము, తుంటి, భుజముల కండలను క్షీణింపజేయు వేఱొక తెగ కలదు. అది ఆడపిల్లలకును మగపిల్లలకును సమానముగ వచ్చును. ఆ తెగలో పెక్కింటికి తల్లి తండ్రు లిరువురును లోపమును మోయుచుండవలెను. అప్పుడు నలుగురు బిడ్డలలో ఒకరికి వచ్చునంత భయము. మేనత్త మేనమామ బిడ్డలకు జన్యువులలో ఎనిమిదవ వంతు, మేనమామకును మేనకోడలికిని నాల్గవ వంతు ఉమ్మడి. ఇట్టి రోగములకు మేనరికము ద్వారము తెఱచుచున్నది. మూడవ విధమొకటి కలదు: తల్లితండ్రులలో ఒక్కరినుండి వచ్చినను చాలును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు తంగరాజ్ మొదలగువారు 2009లో గుండెకండరమునకు సంబంధించిన యొక జన్యువులో 25 అక్షరముల లోపము భారతీయులలో సుమారు నూటికి నలుగురికి కలదనియు, అది పెద్దవయస్సున గుండెను బలహీనపఱచగలదనియు ప్రకటించిరి. కావున ఏ తెగయో తెలియక ఏ వంశమును నిందింపరాదు.

పరీక్షలు

అనుమానము కలిగినచో ముందుగా సి.పి.కె. యను రక్తపరీక్ష చేయింపవలెను. చినిగిన కండలనుండి రక్తములోనికి కారు పదార్థమది. ఈ బాలురలో మామూలుకంటె పదులరెట్లు హెచ్చుగా నుండును. కొన్నియెడల మఱియొక పరీక్షలో కాలేయమునకు సంబంధించినవని తలచు పదార్థములు హెచ్చుగా కనబడి, కామెర్ల మందులు వాడుచు కాలము పోగొట్టుకొనుట కలదు. ఆ పదార్థములు కండలనుండియు వచ్చును. కావున నడక బాగులేని బిడ్డకు కాలేయము చెడినదన్నచో సి.పి.కె. చేయించితిరా యని అడుగుడు. పిమ్మట జన్యుపరీక్ష. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రియు, సి.డి.ఎఫ్.డి. సంస్థయు ఇట్టి జన్యువైద్యమునకు ప్రసిద్ధములు.

బిడ్డలోని తప్పు ఎచ్చటిదో తేలిన పిమ్మట తల్లికిని, ఆమె అక్కచెల్లెండ్రకును, పెద్దయైన కూతులకును పరీక్ష చేయవచ్చును. గర్భము ధరించిన పదునొకండవ వారము మొదలు గర్భస్థశిశువును పరీక్షించు పద్ధతి కలదు. ఆడ మగ తెలిసికొనుటకై పరీక్ష చేయుటను 1994 నాటి చట్టము నిషేధించినది. జన్యురోగమును కనుగొనుటకు అనుమతి పొందిన కేంద్రములలో పరీక్ష చేయుటకు అదే చట్టము అవకాశమిచ్చినది. గర్భమయిన పిదప పరుగెత్తుటకంటె ముందుగనే బిడ్డ పరీక్ష కాగితములు సిద్ధముచేసికొనుట ఉత్తమము.

ఇంటిలో చేయదగిన పోషణ

ఈ రోగమును సమూలముగ మాన్పు మందు లేదు. అంతమాత్రమున చేయవలసినదేమియు లేదనుకొనరాదు. ప్రెడ్నిసొలోన్, డెఫ్లజకార్ట్ అను మందులు నడకను కొన్నేండ్లు నిలుపుననుట రుజువైన సంగతి. ఇవి బరువును పెంచును, ఎముకలను పలుచబఱచును. కావున వైద్యుని కనుసన్నలలోనే వాడవలెను. ఊరికి పోవుచు మందు మఱచితిమని హఠాత్తుగా మానుట అపాయకరము.

మడమల నరములు బిగియకుండ ప్రతిదినము మెల్లగా పాదములను సాగదీయుట తల్లి చేయదగిన పని. పద్ధతిని ఫిజియోథెరపీవారు నేర్పుదురు. బరువులు మోయించుట, గుంజీలు తీయించుట కూడదు. బరువు పెరుగకుండ తీపియు, నూనెపిండివంటలును తగ్గించి, రాగిజావ, పాలు, పప్పు, ఆకుకూరలు పెట్టవలెను. జొన్నరొట్టె మన ప్రాంతమున ఎట్లును కలదు. ఏటేట గుండెపరీక్షయు, పెద్దవాడగుకొలది ఊపిరిపరీక్షయు అవసరము. శస్త్రచికిత్స అవసరమైనపుడు మత్తుమందిచ్చు వైద్యునితో ఈ జబ్బు సంగతి ముందుగా చెప్పవలెను; కొన్ని మత్తుమందులు ఈ బాలురకు ప్రాణాపాయకరములు. ఒక చీటిమీద వ్రాసి బిడ్డ సంచిలో నుంచుట మంచిది. పూర్వము ఇరువదియేండ్లలోపే ముగిసిన జీవితములు, గుండెకును ఊపిరికిని తగిన వైద్యము జరిగినచోట నేడు ముప్పదియేండ్లవఱకును, ఆపైనను సాగుచున్నవి.

ఆశలు, మోసములు

పైని చెప్పిన గణముల సూత్రమునుబట్టియే క్రొత్తమందులు పుట్టినవి. చెడినచోట మఱియొక భాగమును దాటించి చదివించినచో అక్షరములు మఱల మూటికి సరిపోవును. ఎటెప్లిర్సెన్ అను అట్టి మందునకు అమెరికా ప్రభుత్వము 2016లో అనుమతించెను. అది రోగులలో నూటికి పదుమూడు మందికే వర్తించును. జన్యువునే ఎక్కించు చికిత్సకు 2023లో అనుమతి దొరకెను. వెల 32 లక్షల డాలర్లు. నడవలేని బాలురు ఇరువురు ఆ చికిత్స పిమ్మట కాలేయము చెడి మరణించిరని 2025లో వెల్లడియైనది. శాస్త్రము ముందుకు సాగుచున్నది, కాని తొందరపాటు తగదు. ఇక మూలకణములు ఎక్కించి నడిపించెదమని లక్షలు గుంజువారున్నారు. ఈ జబ్బునకు అట్టి చికిత్సను మన దేశపు వైద్యపరిశోధనమండలి అంగీకరింపలేదు. పొలమమ్మి ఆ సొమ్ము వారి చేత పోయకుడు.

హక్కులు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున గుర్తింపబడిన 21 వైకల్యములలో కండరక్షీణతయు చేరియున్నది. అందుచేత ధ్రువపత్రము పొందుట బిడ్డ హక్కు. తెలంగాణమున దివ్యాంగుల పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలకు పెరిగెను. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో తీవ్రమైన కండరక్షీణత కలవారికి 2024లో నెలకు 15,000 రూపాయలు నిర్ణయించిరి. అరుదైన వ్యాధులకై కేంద్రప్రభుత్వము 2021లో ఒక విధానము ప్రకటించి, సి.డి.ఎఫ్.డి., నిమ్స్ సంస్థలను కలిపి ఒక కేంద్రముగా గుర్తించినది. డుషెన్ ఆ విధానపు పట్టికలో నున్నది.

బడియును వాని హక్కే. తరగతిని మేడమీదినుండి క్రిందికి దింపుటకు ఖర్చు లేదు. గడపవద్ద వాలుబల్ల వేయుటకు పెద్ద ఖర్చు కాదు. కాళ్లు చచ్చినంతమాత్రమున చదువు మానిపింపరాదు. కొందఱికి చదువు మెల్లగా వచ్చును, నిజమే; కాని కండరములవలె బుద్ధి నానాటికి క్షీణింపదు. ఎనిమిది వంకరల శరీరముతో జనకుని సభకేగిన అష్టావక్రుని చూచి నవ్వినవారే తల వంచుకొనిరి.

ఇది చదివిన సోదరీమణులు ఒక పని చేయుదురుగాక. మీ వాడకట్టున మునిగాళ్లమీద నడచు బాలుడున్నచో, వాని తల్లితో మెల్లగా ఈ సంగతి చెప్పుడు, సి.పి.కె. పరీక్ష పేరు కాగితముమీద వ్రాసి యిండు. ఆమెను ఎవరైన నిందించుచున్నచో, ఆ నింద అబద్ధమని నలుగురియెదుట చెప్పుడు. ఆమెకు చెల్లెండ్రున్నచో వారి కాన్పులకు ముందే పరీక్ష సంగతి ఎఱుకపఱచుడు. తెలిసిన మాటను తెలియనివారికి చెప్పుటయే మన యింటింటి వైద్యము.